ఎనిమిది గంటల మాత్ర

పామిడి అంటే మీలో చాలామందికి ముందు నైటీలే గుర్తొస్తాయి. గుత్తి నుంచి అనంతపురం వెళ్ళే హైవే మీద, పెన్న ఒడ్డున ఉంటుంది మా ఊరు. పెన్న ఒడ్డు అన్నానని నీళ్ళు ఊహించుకోకండి, ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసకే. చుట్టూ బుడ్డల చేలు, ఊళ్ళో బట్టల అంగళ్ళు. వీధికి నాలుగిళ్ళలో కుట్టుమిషన్ చప్పుడు వినిపిస్తుంది. నేను కూడా మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక మిషన్ ముందు కూర్చుంటాను. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మా ఆడపడుచు కిడ్నీ సంగతిలో ఈ నైటీలకి కూడా ఒక భాగముంది.

రాయమంటావా అని తననే అడిగాను. "పేరు రాయొద్దు వదినా, మిగతాదంతా రాయి. ఇంకెవరైనా నాలా చేస్తా ఉంటే చదువుకుంటారు" అంది. ఆసుపత్రి పేరు కూడా రాయను, దాంతో మనకి పని లేదు.

తను నాకంటే ఆరేళ్ళు చిన్నది. పెన్న అవతల ఒక పల్లెలో ఇచ్చాం. కడుపుతో ఉన్నప్పుడు బీపీ ఎక్కువైంది, కాళ్ళు వాచాయి. కాన్పయ్యాక తగ్గిపోతుందిలే అనుకున్నాం. పిల్లాడు బాగానే పుట్టాడు, బీపీ మాత్రం తగ్గలేదు. పిల్లాడికి మూడేళ్ళు నిండేసరికి రెండు కిడ్నీలూ పని చేయడం లేదని తేలింది. ఎందుకు పాడయ్యాయి అంటే కచ్చితమైన జవాబు ఎవరూ చెప్పలేదు. వారానికి మూడుసార్లు అనంతపురంలో డయాలసిస్, ఒక్కోసారికి నాలుగు గంటలు. తెల్లారుజామున బస్సెక్కితే ఇల్లు చేరేసరికి సాయంత్రం. ఆ ఏడాది ఆమె తాగే నీళ్ళు గ్లాసు లెక్కన కొలిచి ఇచ్చేవాళ్ళం. ఎండాకాలంలో, మా అనంతపురం ఎండలో, దప్పికైన మనిషికి నీళ్ళు కొలిచి ఇవ్వడం ఎట్లా ఉంటుందో చెప్పలేను.

కిడ్నీ ఎవరిస్తారు అనే మాట వచ్చింది. చట్టం ప్రకారం దగ్గరి బంధువులు ఇవ్వచ్చు. అమ్మ, నాన్న, తోబుట్టువులు, భర్త, పిల్లలు. 2011 సవరణ తర్వాత తాత అవ్వలు కూడా. మా ఆయనకి బ్లడ్ గ్రూపు కలవలేదు. ఆమె భర్త పరీక్షకి సిద్ధమన్నాడు, నిజంగానే అన్నాడు. కానీ సంపాదించే మగపిల్లాడిని కోత కోయించుకోమంటారా అని వాళ్ళమ్మ ఏడ్చింది. మా అత్తమ్మ ఆ ఏడుపు పూర్తిగా విననే లేదు. "ఊరుకో వదినా, కన్నది నేను కదా, నేనిస్తా" అని లేచింది. అప్పటికామెకు యాభై ఆరు.

ఇట్లా జరిగేది మా ఒక్క ఇంట్లోనే కాదు. మన దేశంలో బతికుండి అవయవం ఇచ్చేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే, పుచ్చుకునేవాళ్ళలో ఎక్కువమంది మగవాళ్ళు. 1995 నుంచి 2021 దాకా దేశంలో జరిగిన 36,640 మార్పిళ్ళలో అవయవం పొందిన ఆడవాళ్ళు 6,945 మందే. అంటే అయిదుగురిలో ఒకరు కూడా కాదు. కిడ్నీ జబ్బు మగవాళ్ళనే వెతుక్కుంటూ రాదు కదా. ఆ లెక్కలో చూస్తే మా ఆడపడుచు అదృష్టవంతురాలే. ఆమె కోసం ఒక తల్లి ముందుకొచ్చింది, ఆరోగ్యశ్రీ ఉంది, భర్త అడ్డం చెప్పలేదు.

2016లో ఆపరేషన్ జరిగింది. కొత్త కిడ్నీని పొత్తికడుపు పక్కన పెడతారనీ, పాతవాటిని మామూలుగా తీయరనీ నాకప్పుడే తెలిసింది. "అయితే దీనికిప్పుడు మూడు కిడ్నీలా, నాకొకటా" అని అత్తమ్మ ఆసుపత్రి మంచం మీద నుంచే లెక్క వేసింది. క్రియాటినిన్ తొమ్మిది నుంచి 1.1కి దిగింది. మూత్రం సంచి నిండిందని ఇంటిల్లిపాదీ సంబరపడిన రోజు మా ఇంట్లో అదొక్కటే అయ్యుంటుంది.

డిశ్చార్జి రోజు ఒక సిస్టరు మా అందరినీ కూర్చోబెట్టి మాత్రల గురించి చెప్పింది. నేను నోటుపుస్తకంలో రాసుకున్నాను. టాక్రోలిమస్, మైకోఫెనోలేట్, ప్రెడ్నిసలోన్. మొదటిది పన్నెండు గంటలకొకసారి, పొద్దున ఎనిమిది, రాత్రి ఎనిమిది. ఎన్నాళ్ళు అని అడిగింది మా ఆడపడుచు. కిడ్నీ ఉన్నన్నాళ్ళూ అంది సిస్టరు.

ఎందుకంటే ఒంటికి ఒక కాపలా ఉంటుంది. బయటి నుంచి ఏది వచ్చినా తరిమేస్తుంది. క్రిమి అయినా అంతే, కన్నతల్లి కిడ్నీ అయినా అంతే. ఆ కాపలాని కాస్త జోకొట్టి పడుకోబెట్టడమే ఈ మాత్రల పని. మాత్ర మానితే కాపలా లేస్తుంది. నాకు అప్పుడొక పోలిక తట్టింది, మీరు నవ్వినా పర్లేదు. కొత్త కిడ్నీ కొత్త కోడలి లాంటిది. ఇంటెడు చాకిరీ చేస్తుంది, పదేళ్ళు గడుస్తాయి, అయినా ఆ ఇంటికి ఏదో ఒక పూట "ఇది మన పిల్ల కాదు" అని గుర్తొస్తూనే ఉంటుంది.

ఈ మాత్రలు లేని కాలంలో ఏం చేసేవాళ్ళో తర్వాత చదువుకున్నాను. 1954 డిసెంబర్ 23న బోస్టన్‌లో జోసెఫ్ మర్రే అనే డాక్టరు మొదటిసారి కిడ్నీ మార్పిడి విజయవంతంగా చేశాడు. ఇచ్చినవాడూ పుచ్చుకున్నవాడూ ఒకే పోలిక కవలలు. అందుకే ఒళ్ళు తేడా కనిపెట్టలేకపోయింది. కవల తోబుట్టువు అందరికీ దొరకరు కదా! మన వైపు చూస్తే 1971లో వేలూరు సీఎంసీలో బతికున్న దాత నుంచి కిడ్నీ మార్పిడి చేశారు, దేశంలో విజయవంతమైన మొదటిది అదే. 1980ల్లో సైక్లోస్పోరిన్ వాడకంలోకి వచ్చాక గానీ పరాయి కిడ్నీ నిలబడటం మామూలు విషయం కాలేదు. అది నార్వే మట్టిలో దొరికిన బూజు నుంచి వచ్చింది. మా ఆడపడుచు వేసుకునే టాక్రోలిమస్‌ని 1984లో జపాన్‌లో సుకుబా అనే చోట మట్టిలోని సూక్ష్మజీవి నుంచి తీశారట. పేరులో ఆ మొదటి అక్షరం ఆ ఊరిదే. ఇది చెప్తే అత్తమ్మ "మట్టిలో నుంచి తీసినదానికి ఇంత రేటా?" అంది. ఆమె బాధ నాకర్థమైంది. మా మట్టిలో నుంచి తీసే బుడ్డలకి ఎప్పుడూ ఆ రేటు పలకలేదు.

మొదటి ఏడాది మాత్రలు ఆరోగ్యశ్రీ కిందే వచ్చాయి. రెండో ఏడాది నుంచి మేమే కొనాలి. నెలకు ఎనిమిది, తొమ్మిది వేలు. అది కాక రక్తంలో మందు ఎంతుందో చూసే పరీక్ష ఒకటి, క్రియాటినిన్, షుగరు, బస్సు ఖర్చులు. ఆపరేషన్‌కి అందరూ వస్తారు. చుట్టాలు పండ్లు తెస్తారు, ఊరివాళ్ళు తలా ఇంత వేసి చేతిలో పెడతారు. ఏడాది తర్వాత నెలనెలా వచ్చే మందుల చీటీకి ఎవరూ రారు. తప్పు పట్టడం లేదు. ఎవరింట్లో ఉండే ఖర్చులు వాళ్ళకుంటాయి.

ఈ బాధ మనకే అనుకుంటే పొరపాటట. అమెరికాలో చాలాకాలం పాటు, వయసు మీరక కేవలం కిడ్నీ జబ్బు వల్లే ప్రభుత్వ బీమా పొందినవాళ్ళకి, మార్పిడి తర్వాత 36 నెలలే మందుల ఖర్చు ఇచ్చేవారు. ఆ తర్వాత మాత్రలు కొనలేక కిడ్నీ పోగొట్టుకుని మళ్ళీ డయాలసిస్‌కి వచ్చినవాళ్ళున్నారు. డయాలసిస్‌కి మాత్రం మళ్ళీ బీమా ఇస్తారు! ఈ వింత పద్ధతిని 2023 జనవరి నుంచి మార్చారు. అంత డబ్బున్న దేశానికే ఇన్నేళ్ళు పట్టింది ఈ చిన్న లెక్క అర్థం కావడానికి.

2018 గురించి చెప్పాలి. మా జిల్లాలో ఏడాదంతా కలిపి పడేదే 550 మిల్లీమీటర్ల చిల్లర వాన. ఆ ఏడు ఖరీఫ్‌లో అదీ మొహం చాటేసింది. ఆడపడుచు వాళ్ళు విత్తనాలకి అప్పు తెచ్చి బుడ్డలు వేశారు. ఊడలు దిగే వేళకి వాన లేదు. చివరికి చేనంతా పశువులకి వదిలేశారు. ఆ అన్న (ఆమె భర్త, నాకు అన్న వరస) బెంగళూరులో కట్టడం పనికి పోయాడు, నెలకోసారి వచ్చేవాడు. పిల్లాడి బడి ఫీజు, అప్పు మీద వడ్డీ, ఈ మాత్రలు. ఆమె పామిడి నుంచి నైటీ ముక్కలు తెప్పించుకుని కుట్టడం మొదలుపెట్టింది. ముక్కకింత అని కూలి. నేనే మా అంగడాయనతో మాట్లాడి ఇప్పించాను, చేతిలో నాలుగు డబ్బులుంటే ధైర్యంగా ఉంటుందని.

టాక్రోలిమస్‌తో చేతులు వణుకుతాయి. అందరికీ కాదు, చాలామందికి. సూదిలో దారం ఎక్కించడానికి ఆమె అయిదు నిమిషాలు తంటాలు పడేది. జుట్టు కూడా రాలింది. స్టెరాయిడ్‌తో మొహం గుండ్రంగా ఉబ్బింది. "పెళ్ళినాటి ఫోటో చూసి మావాడు ఇదెవరమ్మా అంటాడు వదినా" అని నవ్వుతూ చెప్పేది. ఆ నవ్వు వెనకాల ఏముందో ఆడవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

ఆ డిసెంబర్‌లో పరీక్షకి వెళితే క్రియాటినిన్ 2.3 ఉంది. జ్వరం లేదు, నొప్పి లేదు, వాపు లేదు. ఆమె అంతకుముందు రోజే రాత్రి దాకా కూర్చుని పదహారు నైటీలు కుట్టింది. కిడ్నీని ఒళ్ళు తిప్పికొట్టేటప్పుడు చాలాసార్లు ఇట్లాగే ఉంటుందట, రక్త పరీక్షలో తప్ప బయటికి ఏమీ కనబడదు. డాక్టరు "మాత్రలు వేసుకుంటున్నావామ్మా?" అని అడిగాడు. వేసుకుంటున్నానంది. పక్కనున్న నేను కూడా అవునవునని తలూపాను. నాకు తెలిసినంతలో అదే నిజం.

తర్వాత సిస్టరు విడిగా కూర్చోబెట్టుకుంది. ఆమె అడిగిన తీరు నాకు ఇప్పటికీ గుర్తు. వేసుకుంటున్నావా అని అడగలేదు. "ఇన్ని మాత్రలు ఇన్నేళ్ళు వేసుకోవాలంటే ఎవరికైనా తప్పిపోతుంటాయి. నీకు పోయిన నెలలో ఎన్నిసార్లు తప్పింది?" అంది. తప్పడం మామూలే అన్నట్టు అడిగింది. మందుల బిల్లులు తీయమంది. రోజుకి ఇన్ని క్యాప్సూళ్ళు, నెలకి ఇన్ని అని పెన్నుతో రాసి, బిల్లుల్లో తేదీలు చూసింది. నెల రోజుల మందు నెలా పది రోజులకి వచ్చింది.

ఆమె అప్పుడు చెప్పింది. పొద్దున మాత్ర మానేస్తోంది. రోజూ కాదు, వారంలో మూడు నాలుగు రోజులు. రెండు కారణాలు. ఒకటి, స్ట్రిప్పు ఎక్కువ రోజులు వస్తుంది. రెండోది, పొద్దున మాత్ర వేసుకోకపోతే చెయ్యి వణకదు, మధ్యాహ్నానికి నాలుగు నైటీలు ఎక్కువ కుట్టచ్చు.

చూడండి ఎంత పకడ్బందీ లెక్కో! మాత్ర మానితే మందు ఖర్చు తగ్గుతుంది, కూలి పెరుగుతుంది, రెండు వైపులా లాభమే. ఇంట్లో ఎవరికీ తెలియదు, భర్తకి కూడా. దాచాలని దాచలేదట. ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు, అంతే. ఇంట్లో మగవాళ్ళ మందులు ఇంటి ఖర్చులోకి వస్తాయి. ఆడవాళ్ళ మందులు మాత్రం ఆడవాళ్ళు తమ మిగులులో నుంచి, చీటీ డబ్బులో నుంచి, పోపుల డబ్బాలో నుంచి తీసి కొనుక్కునే సొంత ఖర్చు. మా అమ్మ కాలం నుంచి ఇంతే చూస్తున్నాను. అందరూ తిన్నాక గిన్నెలో మిగిలింది తిన్నట్టే, అందరి ఖర్చులూ తీరాక మిగిలినదాంతో మన మాత్ర.

ఒకపూట మానితే ఏమీ కాదు. అసలు ఇబ్బంది అక్కడే ఉంది. బీపీ మాత్ర మానితే తల తిరుగుతుందేమో, షుగరు మాత్ర మానితే కాళ్ళు పీకుతాయేమో. దీన్ని మానితే చెయ్యి వణకదు, కడుపు తేలిగ్గా ఉంటుంది, ఇంకా బాగుంటుంది! మానినందుకు ఒళ్ళు మెచ్చుకుంటుంది. నెలల తర్వాత ఒకరోజు కాగితం మీద అంకె మారుతుంది. 2004లో పాత అధ్యయనాలన్నీ కలిపి చూసిన ఒక సమీక్ష వచ్చింది. కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్ళలో దాదాపు అయిదోవంతు మంది మాత్రలు సరిగ్గా వేసుకోవడం లేదనీ, వాళ్ళలో కిడ్నీ పోయే అవకాశం మిగతావాళ్ళకంటే ఏడు రెట్లనీ అందులో తేలింది. మా పల్లె పిల్ల ఒక్కతే చేసిన పని కాదిది. కుర్రవాళ్ళు మరీ ఎక్కువ మానేస్తారట, అది ఏ దేశంలోనైనా అంతేనట.

బయాప్సీ చేశారు. మూడు రోజులు స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఎక్కించారు. దేవుడి దయో డాక్టర్ల దయో, కిడ్నీ నిలబడింది. కానీ 1.1 మళ్ళీ రాలేదు. 1.7 దగ్గర ఆగింది. పోయింది పోయినట్టే.

అత్తమ్మకి చెప్పాలి. మా ఆయనేమో చెప్పొద్దన్నాడు. దాచితే ఇంకెవరి నోటనో వింటుందని ఆడపడుచే చెప్పింది. అత్తమ్మ గడప మీద కూర్చుని చేటలో కందిపప్పు చెరుగుతోంది. చెరగడం ఆపలేదు. కాసేపయ్యాక అంది, "ఇచ్చింది నీకు. ఇంక అది నాది కాదు. ఏమన్నా చేసుకో. కానీ మ్మే, మాత్రకి లెక్క లేకపోతే నాకెందుకు చెప్పలేదు? కిడ్నీ ఇచ్చినదాన్ని కమ్మలియ్యనా?" ఇంకేమీ అనలేదు. మర్నాడు పొద్దున చెవులకి వేపపుల్లలు కనబడ్డాయి. ఆ కమ్మలు మళ్ళీ కొనలేదు. కొంటామన్నా వద్దంటుంది.

మా ఆయన చెల్లెలి మీద కోప్పడ్డాడు. ఒక గంటసేపు ఫోన్‌లో అరిచాడు. నేను అడ్డుపడ్డాను. అరిస్తే మాత్ర వేసుకోదు, వేసుకున్నానని అబద్ధం చెప్పడం నేర్చుకుంటుంది. మన పిల్లల హోంవర్కు దగ్గర ఇది అందరం చూసిందే కదా.

సిస్టరు, డాక్టరు కలిసి కొన్ని మార్పులు చేశారు. రక్తంలో మందు మోతాదు చూసి ఉన్నంతలో సర్దారు. మాత్ర వేసుకున్నాక ఒకటి రెండు గంటలే వణుకు ఎక్కువ ఉంటుందని గమనించారు. కాబట్టి ఆ వేళలో అన్నం, కూర, అంట్లు, ఇల్లు తుడవడం. సూదితో పని పదిన్నర తర్వాత. ఇంత చిన్న సంగతి! కానీ వణుకు వల్ల మానేస్తున్నానని ఆమె చెప్తేనే కదా వాళ్ళకి తెలిసేది. వణుకుతోంది, జుట్టు ఊడుతోంది, మొహం ఉబ్బుతోంది అని డాక్టరుకి చెప్పుకోవడం మనకి సిగ్గు. ప్రాణం నిలబెట్టిన మందు మీద చాడీలు చెప్పినట్టు ఉంటుంది.

ఉపవాసాల గొడవ ఇంకొకటి. శ్రావణ శుక్రవారం పూజ అయ్యేదాకా నోట్లో ఏమీ వేసుకోనంటే మాత్ర కూడా మధ్యాహ్నానికి జరిగేది. పరగడుపున వేసుకోవచ్చా అని డాక్టరునే అడిగాం. రోజూ ఒకే తీరుగా వేసుకుంటే సరిపోతుంది, నీళ్ళు చాలు అన్నాడు. ఉపవాసం ఉన్నా మందుకి దోషం లేదని మా అత్తమ్మ కూడా తీర్పు ఇచ్చింది, ఇంట్లో డాక్టరు మాట కన్నా ఆ తీర్పుకే విలువ. పెళ్ళిళ్ళలో ఇప్పుడు రాత్రి ఎనిమిదికి ఆమె వేలికి తగిలించుకున్న చిన్న పర్సు తెరుస్తుంది. మొదట్లో పక్కకి తిరిగి వేసుకునేది. "ఏం మాత్రలవి?" అని అడిగితే కాల్షియం అని చెప్పేది. ఇప్పుడు "మా అమ్మ కిడ్నీకి" అంటుంది. అడిగినవాళ్ళు కంగారుపడి ఊరుకుంటారు.

రాత్రి ఎనిమిదికి నాకు వాట్సాప్‌లో ఒక ఫోటో వస్తుంది, ఆ పూట గడి ఖాళీ అయిన మాత్రల డబ్బా. మొదటి నెల ఆమెకి ఒళ్ళు మండింది. "నేనేమైనా చిన్నపిల్లనా వదినా, నువ్వు జైలరువా?" అని పెద్ద గొడవే వేసుకుంది. అయితే నేను కూడా పంపుతాలే అని నా థైరాయిడ్ మాత్ర ఫోటో పంపడం మొదలుపెట్టాను. దాంతో సర్దుకుంది. ఇప్పుడు ఆమె పొద్దున్నే నన్ను అడుగుతుంది, నీ ఫోటో ఏదీ అని. 2020 లాక్‌డౌన్‌లో బస్సులు లేనప్పుడు ఆ ఫోటోల వల్లే ఎన్ని రోజుల మందు మిగిలిందో ముందే లెక్క తెలిసింది. మా ఆయన పాసు తీసుకుని బండి మీద అనంతపురం పోయి తెచ్చాడు. అప్పటి నుంచి నెల మందు ఎప్పుడూ అదనంగా ఉంచుకుంటాం.

అవయవ మార్పిడి అయినవాళ్ళు ఇంట్లో ఉంటే ఇంకొన్ని సంగతులు. నొప్పి మాత్రలు అంగట్లో అడిగి కొనుక్కోకూడదు, నడుం నొప్పికి మనం పప్పుబెల్లాల్లా మింగే డైక్లోఫినాక్ లాంటివి కిడ్నీకి చేటు. ఫంగస్‌కి ఇచ్చే ఫ్లుకొనజోల్, కొన్ని యాంటీబయాటిక్స్ రక్తంలో టాక్రోలిమస్‌ని పెంచేస్తాయి. టీబీకి ఇచ్చే రిఫాంపిసిన్, మూర్ఛకి ఇచ్చే ఫెనిటాయిన్ తగ్గించేస్తాయి. కాబట్టి ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా, పంటి డాక్టరైనా సరే, ముందు కిడ్నీ సంగతి చెప్పాలి. విరేచనాలు పట్టుకుంటే ఊరుకోకూడదు, అప్పుడు కూడా మందు మోతాదు రక్తంలో పెరుగుతుంది. కంపెనీ మారిస్తే డాక్టరుకి చెప్పాలి, అంగడాయన "రెండూ ఒకటేనమ్మా" అన్నా సరే. నాటు వైద్యం, ఆకు పసర్లు అసలే వద్దు. గ్రేప్‌ఫ్రూట్, పంపరపనస తినకూడదు. మాది చీనీ తోటల జిల్లా కాబట్టి చీనీ సంగతేమిటని అడిగితే మా డాక్టరు నవ్వి, అది మితంగా తినమన్నాడు. మీ డాక్టర్ని మీరు అడగండి.

ఇంకొకటి ఆడపిల్లల కోసం ప్రత్యేకంగా. కిడ్నీ మార్పిడి తర్వాత బిడ్డని కనచ్చు, చాలామంది కన్నారు. కానీ మైకోఫెనోలేట్ వేసుకుంటూ గర్భం వస్తే బిడ్డకి ప్రమాదం. కనీసం ఒక ఏడాది ఆగి, డాక్టరుతో చెప్పి, వారాల ముందే ఆ మాత్ర మార్పించుకోవాలి. ఈ సంగతి పెళ్ళి కావలసిన పిల్లలకి, వాళ్ళ అత్తగారి ఇళ్ళకి ఎవరు చెప్తున్నారో నాకైతే అనుమానమే. మా ఆడపడుచుని "ఒక్కడేనా, ఇంకొకర్ని కనవా" అని అడిగేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఆమె తనకి వద్దనుకుంది. అది ఆమె నిర్ణయం, నేనందులో మాట్లాడను.

డబ్బు విషయం కాస్త తేలికపడింది. 2024 జూలై నుంచి మన రాష్ట్రంలో కిడ్నీ, లివర్, గుండె మార్పిడి చేయించుకున్నవాళ్ళకి పింఛను నెలకి 10,000 అయింది. ఒకటో తేదీన చేతికి వస్తుంది. అందులో నుంచి మాత్రల డబ్బు తీసి విడిగా పెట్టేది ఇప్పుడు ఆ అన్నే. బెంగళూరు పని మానేసి వచ్చి, మందుల లెక్క అంతా గోడ మీద క్యాలెండర్‌లో రాస్తున్నాడు. పాల లెక్క పక్కనే. ఇంటి ఖర్చులోకి వచ్చిందన్నమాట.

బతికున్నవాళ్ళిచ్చిన కిడ్నీ పదిహేను ఇరవై ఏళ్ళు నడుస్తుందంటారు, అంతకంటే ఎక్కువ నడిచినవీ ఉన్నాయి. మాది తొమ్మిదేళ్ళు దాటింది. పిల్లాడు పెద్దవాడవుతున్నాడు. క్రియాటినిన్ 1.8.

రాయడంలో అత్తమ్మ వెనకపడింది. ఇంట్లోనూ ఇన్నాళ్ళూ వెనకపడింది. 1954లో కిడ్నీ పుచ్చుకున్న ఆ కవల సోదరుడు ఎనిమిదేళ్ళు బతికితే, ఇచ్చిన రొనాల్డ్ హెరిక్ 2010 దాకా, 79వ ఏట దాకా బతికాడు. ఒక కిడ్నీతో నిండు జీవితం బతకచ్చు. అయితే ఇచ్చినవాళ్ళు కూడా ఏడాదికోసారి బీపీ, షుగరు, క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్ చూపించుకోవాలి. పుచ్చుకున్న మనిషికి ఫైలు ఉంటుంది, ఇచ్చిన మనిషికి ఉండదు. కుట్లు విప్పిన రోజుతో ఆమె సంగతి అయిపోతుంది. అత్తమ్మకి ఇప్పుడు అరవై అయిదు దాటింది, రెండేళ్ళ నుంచి బీపీ. మాత్ర ఒకటి రాసిచ్చారు. "తల తిరిగిననాడు వేసుకుంటున్నా" అంది ఒకరోజు, చాలా మామూలుగా. ఆ మాట విని మా ఆడపడుచు లేచిన తీరు చూడాలి! "అమ్మా, ఎన్నిసార్లు తప్పింది పోయిన నెలలో?" అని అచ్చం ఆ సిస్టరు గొంతుతోనే అడిగింది.

పోయిన గురువారం ఇద్దరినీ కలిపే తీసుకెళ్ళాను. ఒకే గదిలో, పక్కపక్కన, ఇద్దరికీ రక్తం తీశారు. ఆడపడుచుది సాయంత్రానికే వచ్చింది. అత్తమ్మది మూత్రం పరీక్ష ఇంకోసారి చేయాలన్నారు. ఆ రిపోర్టు కోసం సోమవారం ఫోన్ చేయమన్నారు.